బారకి రెండు అలలు

ఆ రోజుల్లో ఒక మగపిల్లవాణ్ణి ఏలూరు హైస్కూలుకి పంపారంటే, వాడి వెనకాలే ఇంట్లోంచి ఒక ఆడమనిషి కూడా బయల్దేరేది. పుస్తకాలు, ట్రంకుపెట్టె, చాప, బియ్యం మూట, ఆవకాయ జాడీ, ఆ తరవాత ఆడమనిషి. సామాన్లలో మా వరస అది. భర్త పోయిన మేనత్తో, పెళ్లికాని చెల్లెలో, ఎవరో ఒకరు ఆ అద్దెగదిలో ఉండి వాడికి వండిపెట్టాలి. హోటలు కూడు తింటే చదువు ఒంటబట్టదని పెద్దల నమ్మకం. (హోటల్లో తిన్నవాళ్లే ఎక్కువమంది పాసయ్యారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) మా అన్నయ్య ఆరో ఫారం రెండోసారి చదివే ఏడు మా ఇంట్లోంచి ఇద్దరం బయల్దేరాం. వాడికి వండటానికి నేను, నన్ను కాయడానికి మా నాయనమ్మ. ముప్పైల నాటి మాట. నాకప్పటికి పదహారేళ్లు. ఒక్క అక్షరం రాదు. మా ఊళ్లో నాకు అక్షరాలు కనపడిన చోటు ఒక్కటే, కిరసనాయిలు డబ్బా. అవి కూడా ఇంగ్లీషువట.

మాది కొల్లేటిలో ఒక లంక. వానలు పడ్డాయంటే చుట్టూ నీళ్లే. ఉప్పు కావాలన్నా, మంత్రసాని కావాలన్నా, పెళ్లికి వెళ్లాలన్నా తాటిదోనె ఎక్కాల్సిందే. తాటిమానును నిలువునా చీల్చి లోపల తొలిచేస్తే అదే దోనె. దానికి పొడుగాటి అలంటే లెక్కలేదు, ఎత్తి దింపుతుంది, అంతే. దగ్గర దగ్గరగా వచ్చే పొట్టి అలలే దాని ప్రాణం తీసేవి. అంచు మీదుగా దోసెడు దోసెడు నీళ్లు లోపల పోసి, ఎప్పుడు ముంచాయో తెలియకుండా ముంచేస్తాయి. అందుకని మా రేవులో చేపల తడికకి బారకొక గుంజ పాతి ఉండేది. చేతులు రెండూ చాపితే ఎంత దూరమో అంత దూరానికి ఒక గుంజ. ప్రయాణం ముందు మా నాన్న గట్టు మీద నిలబడి తలపాగా చుట్టుకుంటూ, "బారకెన్నే?" అని అడిగేవాడు. నేను రెండు గుంజల మధ్య అలల తలలు లెక్కపెట్టి చెప్పేదాన్ని. బారకి ఒకటంటే పసిపిల్లల్ని కూడా ఎక్కించొచ్చు. రెండంటే నీళ్లు తోడే మనిషి ఉండాలి. మూడంటే ఆ పూట ప్రయాణం లేదు, అవతల ఎవరు చచ్చినా సరే.

ఆ తోడే మనిషిని నేనే. తోడే మనిషికి బారకెన్నో తెలిస్తే చాలదు, అల ఎంత వడిగా నడుస్తోందో కూడా తెలియాలి. మెరకలో మెల్లిగా నడుస్తుంది, లోతులో పరిగెడుతుంది. దానికి మా నాయనమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. నాలుగు బారల తడిక ఉందనుకోండి. మొదటి గుంజ దగ్గర ఒక అల తల మీద కన్ను పెట్టి, అది చివరి గుంజ చేరేలోపు ఎన్ని అంకెలు లెక్కపెట్టామో చూడాలి. ఆరు అంకెలు పట్టిందనుకోండి. బారకి రెండు చొప్పున ఆ తడిక పొడుగునా ఎనిమిది అలలున్నాయి. మనం కన్నేసిన అల చివరి గుంజని చేరేలోపు దాని ముందున్నవన్నీ ఆ గుంజని కొట్టి పోవాలి కదా. అంటే ఆరు అంకెల్లో ఎనిమిది దెబ్బలు. ఆ లెక్కకు తగ్గట్టు కొబ్బరిచిప్ప ఆడించాలి. దీన్ని మేమెవ్వరం చదువనుకోలేదు. కూరలో ఉప్పు ఎంత వేయాలో తెలియడం చదువా ఏమిటి?

మా అన్నయ్యకి ఈ సంగతులేవీ తెలియవు. ఎనిమిదో ఏటే కైకలూరులో మేనమామ ఇంటికి చదువుకి పంపేశారు. వాడు లంకకి చుట్టపుచూపుగా వచ్చి, దోనెలో మధ్యన కూర్చుని, పంచె తడవకుండా పైకి పట్టుకునే మనిషి. ఏలూరులో మా గది కాలువకి దగ్గర, తివాచీలు నేసే వీధి వెనక. అక్కడ నేను రెండు పూటలా వండుతూ, వాడు పెరట్లో తిరుగుతూ వల్లించే పాఠాలన్నీ వింటూ ఉండేదాన్ని. "వెలాసిటీ ఈజ్ ఈక్వల్ టు ఫ్రీక్వెన్సీ ఇంటూ వేవ్‌లెంగ్త్" అని వాడు గొంతెత్తి నలభైసార్లు చదివేవాడు. మా నాయనమ్మ అది శనిదోషానికి జపమనుకుని వాడు అటుగా వచ్చినప్పుడల్లా కాళ్లు ముడుచుకుని కూర్చునేది. నాకు నాలుగు రోజులకే నోటికొచ్చేసింది. బియ్యం కడుగుతూ పైకి అనేదాన్ని కూడాను.

ఆ ఏడు నాకు ఒకే ఒక్క ఆశ. కాలువ అవతల దొరసానుల బడి ఉండేది. అందులో ఎదిగిన ఆడపిల్లలకి కూడా మధ్యాహ్నం పూట అక్షరాలు చెప్పేవారు. నీళ్లకి వెళ్లినప్పుడు వాళ్ల గోడ పక్కన నిలబడి వినేదాన్ని. నేర్పమని అన్నయ్యని అడిగితే, తన చదువుకే తీరిక లేదన్నాడు. ఇంకోసారి అడిగితే, ముందు తనని పాసవనిమ్మని, పాసైతే నాన్నతో చెప్పి నన్ను దొరసానుల బడిలో వేయిస్తానని మాటిచ్చాడు. అంచు విరిగిన తన పాత పలక కూడా ఒకటి ఇచ్చాడు, బయానాలాగా. నేను దాన్ని కడిగి, తుడిచి, పాత చీర ముక్కలో చుట్టి బియ్యం మూట అడుగున దాచాను. అప్పటినుంచి వాడి పరీక్ష వాడిది కాదు, నాది. వాడు ఆవులిస్తే నేను లేచి దీపం వత్తి పెంచేదాన్ని.

అయితే మా నాన్న ఖరాఖండీగా చెప్పేశాడు. ఈసారి కూడా స్కూలువాళ్లు పబ్లిక్ పరీక్షకి పంపకుండా సెలెక్షన్ పరీక్షలోనే ఆపేస్తే, పెట్టె సర్దుకుని వచ్చి దోనె గెడ పట్టుకోమని. మిగతావన్నీ వాడికి ఎలాగో వచ్చేవి. ఫిజిక్సు రాదు. ఆ ఫిజిక్సు చెప్పే ఆయన్ని పిల్లలు దశాంశం మాస్టారు అనేవారు. చుక్క ఒక గడి అటు పడినా, ఇటు పడినా లెక్క మొత్తం కొట్టేసేవాడట. ఆయన మద్రాసులో పెద్ద చదువు చదివొచ్చి, పాఠంలో లేని వేవ్ నంబర్ అనే దాన్ని కాలేజీ నోట్సులోంచి తెచ్చి వీళ్ల మీద వదిలాడు. శబ్దం సెకనుకి ముప్పై నాలుగు వేల సెంటీమీటర్లు పోతుంది, వేవ్ నంబర్ సున్నా పాయింట్ సున్నా రెండు, అల పొడుగెంత, సెకనుకి ఎన్ని అలలు అని లెక్క. మా వాడు వేవ్ నంబర్నే అల పొడుగనుకుని, ముప్పై నాలుగు వేలని దాంతో భాగించి, సెకనుకి పదిహేడు లక్షల అలలని తేల్చాడు. మాస్టారు ఆ కాగితం క్లాసులో పైకెత్తి, ఈ శబ్దం ఎవరి చెవికీ వినపడదోయ్, నీకొక్కడికే వినపడుతున్నట్టుంది అన్నాడట. వాడు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కంచం నెట్టేశాడు. చేపల పులుసు. పొద్దున్నే కాలువ గట్టుకి వెళ్లి బేరమాడి తెచ్చిన చేపలు.

"ఏమిటన్నయ్యా ఆ వేవ్ నంబరు?" అన్నాను.

"నీకెందుకే?"

"ఊరికే."

"సెంటీమీటరుకి ఎన్ని అలలు పడతాయో, అది."

"అంటే బారకెన్ని అన్నట్టా?"

వాడు నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. పొయ్యి మీద పిల్లి లేచి కాఫీ అడిగితే ఎలా చూస్తారో అలా చూశాడు. తరవాత లేచి చెయ్యి కడుక్కున్నాడు. నాయనమ్మ మాత్రం గోడకి చేరబడి, "దాన్నడగరా, అది చెబుతుంది" అంది. ఎవరూ ఆమె మాట పట్టించుకోలేదు. మా ఇంట్లో అలవాటే.

కార్తీకంలో నాలుగు రోజులు సెలవులొస్తే లంకకి బయల్దేరాం. నాన్న దోనె తెచ్చి కొల్లేటి గట్టు దగ్గర నిలబెట్టాడు. నేను బండి దిగి అక్కడి తడిక గుంజల మధ్య చూశాను. బారకి రెండు. వెళ్లొచ్చు, తోడే మనిషి ఉంది కనక. సగం దూరం వచ్చేసరికి తూర్పుగాలి లేచింది. నాన్న నిలబడి గెడ వేస్తున్నాడు. నాయనమ్మ మెడ దాకా దుప్పటి కప్పుకుని దేవుణ్ణి తిడుతోంది. నేను చిప్పతో తోడుతూ, పైకే అంకెలు చెబుతున్నాను. మధ్యలో కూర్చున్న మా అన్నయ్య ముందు అంచు పట్టుకున్నాడు, తరవాత నా మోకాలు పట్టుకున్నాడు, ఆ తరవాత పుస్తకాల సంచి గుండెకి హత్తుకుని ఏడ్చాడు. మామూలుగా కళ్లు తడవడం కాదు, చిన్నపిల్లలు జాతరలో తప్పిపోతే ఏడ్చే ఏడుపు. నాన్న వెనక్కి తిరక్కుండానే, "మూడవలేదురా, రెండే. దానికి లెక్క తెలుసు, ఊరుకో" అన్నాడు. మా నాన్న నన్ను మెచ్చుకున్న మాట జన్మానికి అదొక్కటే. అది కూడా వాణ్ణి ఊరుకోబెట్టడానికి.

మర్నాడు పొద్దున్నే వాణ్ణి రేవులోకి లాక్కెళ్లి తడిక ముందు నిలబెట్టాను. బారకి ఎన్నున్నాయో చూడమన్నాను. రెండన్నాడు. ఒక్కో అల పొడుగెంత అన్నాను. అర బార అన్నాడు, చిరాగ్గా. ఎలా తెలిసింది అన్నాను.

"బారలో రెండు పట్టాయిగా. కళ్లకి కనపడుతోంది."

"మరి బారకి సగం అలే పడితే?"

వాడు వేలితో గాల్లో రెండు బారలు కొలిచాడు. "అల రెండు బారలు."

"బారలో యాభయ్యో వంతు అలే పడితే?"

వాడు చంకలో సంచీలోంచి కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. సున్నా పాయింట్ సున్నా రెండంటే సెంటీమీటరులో అల యాభయ్యో వంతే పట్టిందని, అల పొడుగు యాభై సెంటీమీటర్లని వాడే అన్నాడు. సెకనులో శబ్దం పోయే ముప్పై నాలుగు వేల సెంటీమీటర్ల పొడుగునా ఎన్ని అలలు పరుచుకున్నాయో, అన్నీ ఆ సెకనులోనే చివరి గుంజని కొట్టాలని నేనన్నాను. వాడు హెచ్చవేశాడు. ఆరువందల ఎనభై. "ఇంతేనా?" అన్నాడు. "ఇంతేరా" అంది నాయనమ్మ, గట్టు మీద పళ్లు తోముకుంటూ.

సెలెక్షన్ పరీక్షలో అదే లెక్క అంకెలు మార్చి ఇచ్చారు. మా వాడు చేశాడు. చెయ్యడమే కాదు, పక్కన తడిక బొమ్మ వేసి, గుంజలు వేసి చూపించాడు. నెలక్రితం సున్నా తెచ్చుకున్నవాడు ఇలా చేసేసరికి దశాంశం మాస్టారికి అనుమానం వచ్చింది. తలపాగా పెట్టుకుని, గొడుగు పట్టుకుని సాయంత్రం మా గదికే వచ్చాడు. కాపీ కొట్టాడని తేలితే సెలెక్షన్ లేదు, గది లేదు, బడి లేదు. నేను వంటపాకలో రెండు గ్లాసుల మజ్జిగ కలిపి తలుపు చాటున నిలబడ్డాను. మాస్టారు కుర్చీలో కూర్చుని, ఏమోయ్, మళ్లీ చేసి చూపించు, అన్నాడు. మా అన్నయ్య ఒక్క క్షణం తడుముకుని, నా పొయ్యి దగ్గర కట్టెపుల్లలు తెచ్చి నేల మీద వరసగా పేర్చాడు. ఇవి గుంజలండి, ఇది బారండి, ఇదిగో అలండి, అని మొత్తం చెప్పాడు. నా మాటలే. "మరి కళ్లకి కనపడుతోంది కదండి" అని కూడా అన్నాడు. (ఆ ఒక్క మాట మాత్రం వాడిదే.) మాస్టారు వంగి గొడుగు మొనతో ఒక పుల్లని సరిచేశాడు.

"నీకిది ఎవరు చెప్పారోయ్?"

నేను గ్లాసులు రెండు చేతులతో పట్టుకున్నాను. మా నాయనమ్మ గోడ వారగా కూర్చుని తమలపాకు ఈనె తీస్తోంది, తియ్యడం ఆపింది.

"ఎవరూ చెప్పలేదండి. కొల్లేట్లో నేనే కనిపెట్టి చూశానండి" అన్నాడు మా అన్నయ్య.

నేను అప్పుడు బయటికొచ్చి ఒక్క మాట అనొచ్చు. అనలేదు. ఎందుకనలేదని చాలామంది అడిగారు, మా మనవరాలైతే కోప్పడింది కూడా. కారణం చిన్నది. నేను అంటే వాడు అబద్ధమాడినట్టవుతుంది, అబద్ధమాడితే సెలెక్షన్ పోతుంది, సెలెక్షన్ పోతే నా బడి పోతుంది. అంత లెక్క తలుపు చాటున నిలబడి వేశాను. ఒక్క దశాంశం కూడా తప్పు పోలేదు. వెళ్లి మజ్జిగ ఇచ్చాను. మాస్టారు తాగి, గ్లాసు కింద పెట్టి, నాతో జీవితంలో ఒకే ఒక్క మాట మాట్లాడాడు. "అల్లం బాగా పడిందమ్మా" అన్నాడు. ఆయన వెళ్లాక నాయనమ్మ ఆ కట్టెపుల్లలు ఏరి పొయ్యిలో పెడుతూ, "ఓరి అబ్బాయీ, నీకు చాలా చదువొచ్చేసిందిరా" అంది. వాడు నవ్వాడు, మెప్పనుకుని.

వాడు పాసయ్యాడు. ఫిజిక్సులో మంచి మార్కులే వచ్చాయి. బందరు కాలేజీలో చేరతాడన్నారు. అక్కడ హాస్టలుందట, వండే ఆడమనిషి అక్కర్లేదట. నాన్న బండి తోలుకుని గది ఖాళీ చెయ్యడానికి వచ్చాడు. ఆ పొద్దున నేను తలంటుకుని, జడ వేసుకుని, పలక చేతిలో పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. నన్ను బండి ఎక్కించడానికి కాదు, బడికి తీసుకెళ్లడానికి పిలుస్తారని. సామాను ఎక్కించారు. పెట్టె, చాప, జాడీ. చివర్న నన్ను. కాలువ వంతెన దాటాక అన్నయ్యని అడిగాను, బడి సంగతి. వాడికి నిజంగానే గుర్తులేదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడనిది. గుర్తుండి ఎగ్గొడితే తిట్టుకోవచ్చు.

"ఇప్పుడు గది లేదు కదే, ఎక్కడుంటావు? అయినా అక్షరాలదేముంది, ఎప్పుడైనా నేర్చుకోవచ్చు" అన్నాడు.

ఆ మాట నిజమే అయింది. ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది, అంతే తేడా. ఆ మాఘంలోనే నన్ను తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. మెట్ట ఊరు, చూద్దామన్నా అల కనపడదు. పలక కూడా నాతో వచ్చింది. మా అత్తగారు అదేమిటో అడగకుండానే పాలగిన్నె మీద మూత పెట్టుకున్నారు. సరిగ్గా సరిపోయింది.

మా అన్నయ్య ఏలూరులోనే ఫిజిక్సు లెక్చరరయ్యాడు. ఊహించే ఉంటారు. వాడి అలల పాఠం చాలా పేరుమోసిందట. బల్ల మీద సుద్దముక్కలు గుంజల్లా నిలబెట్టి, కొల్లేరు, తాటిదోనె, బారకెన్ని, అని మొదలుపెడితే వెనక బెంచీవాళ్లు కూడా నిద్ర లేచేవారట. వాడి దగ్గర చదువుకున్న కుర్రాడొకడు మా ఊరి ఆస్పత్రికి డాక్టరుగా వచ్చి, నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ ఆ పాఠమంతా నాకు చెప్పాడు. నేను శ్రద్ధగా విన్నాను. నాకెప్పుడూ ఎవరూ అంత వివరంగా చెప్పలేదు.

మా ఇంటాయన పోయాక, యాభై నాలుగో ఏట, పక్కింటి టీచరమ్మ నాకు అక్షరాలు దిద్దబెట్టింది. మిషను బడిలో పనిచేసి రిటైరైన క్రైస్తవుల ఆవిడ. ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్ల చీర మార్చుకోకుండానే మా అరుగు మీద కూర్చునేది. "చేతిలో గరిటె కాదండీ వదినగారూ, అది బలపం. వదులుగా పట్టుకోవాలి" అనేది. ఏడాది తిరిగేసరికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. సరిగ్గా అప్పుడే మా అన్నయ్య రిటైరయ్యాడు. శిష్యులు సన్మానం చేసి ఒక సంచిక వేశారు. పోస్టులో మా ఇంటికీ వచ్చింది, మా అబ్బాయి పేరు మీద. అందులో వాడు తన గురించి తనే రాసుకున్నాడు. నేను ఎవరి సాయం లేకుండా మొదట్నుంచి చివరి దాకా చదివిన మొదటి అచ్చుకాగితం అదే. రెండు పూటలు పట్టింది. మూడో పేజీలో నేనున్నాను. "చిన్నతనంలో ఒకసారి కొల్లేట్లో గాలివాన వస్తే, నిరక్షరాస్యురాలైన మా చెల్లెలు భయంతో నన్ను పట్టుకుని ఏడుస్తూండగా, నేను అలలను లెక్కించి దానికి ధైర్యం చెప్పాను. తరంగ సంఖ్య అంటే ఏమిటో ఆ క్షణంలోనే నాకు బోధపడింది" అని ఉంది. 'నిరక్షరాస్యురాలైన' అనే మాట దగ్గరే నాకు చాలాసేపు పట్టింది. అన్ని ఒత్తులు. ఆ మాట చదవగలిగితే ఇక ఆ మాట నాది కాదని టీచరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఒక కార్డు తెప్పించి, నాలుగుసార్లు పలక నిండా రాసి చెరిపి సాధన చేసి, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. "అన్నయ్యా, ఏడ్చింది నువ్వు. నీళ్లు తోడింది నేను. ఇట్లు నీ చెల్లెలు." జన్మలో నేను రాసిన మొదటి ఉత్తరం. ఇంకేం రాయాలో తోచక మిగతా కార్డంతా ఖాళీగా వదిలేశాను.

ఇరవై రోజులకి జవాబొచ్చింది. పోస్టుమాను మామూలుగా చదివిపెట్టబోతే, నేను లాక్కున్నాను. వదినకి మోకాళ్ల నొప్పులని, తనకి చక్కెర జబ్బని, ఏలూరులో ఎండలు మండిపోతున్నాయని రాశాడు. అడుగున చోటు చాలక సన్నగా ఇరికించి ఇంకో ముక్క ఉంది. "నువ్వు చదువుతావని తెలిస్తే అలా రాసేవాణ్ణి కాదు."

దాన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి అక్షరాలు పోల్చుకోవడానికి, రెండోసారి అర్థం కావడానికి, మూడోసారి పైకి. క్షమించమని ఎక్కడా లేదు. కానీ మా అన్నయ్య నాతో పచ్చి నిజం చెప్పింది జన్మకి ఆ ఒక్కసారే. కార్డు తీసుకెళ్లి పాలగిన్నె మీది పలక కింద పెట్టాను. పెడుతుంటే ఏలూరు గదిలో తలంటుకుని, జడ వేసుకుని, ఆ పలకే చేతిలో పట్టుకుని గుమ్మంలో కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. తనని బడికే పిలుస్తారని ఎంత నమ్మకంగా కూర్చుందో. ఆ మధ్యాహ్నం పాలు పొంగి కార్డు మీద పడ్డాయి. అడుగు వాక్యం ఒక్కటే చెరిగిపోయింది. పోతే పోయింది, అప్పటికే నాకు కంఠతా వచ్చేసింది. అన్నయ్య పాఠాలు నాకెప్పుడూ అంతే, చప్పున ఒంటబడతాయి.